నర్సయ్య మామ ఖాతా

ఆ రోజు తప్పు నాదే. కొత్త సాఫ్ట్‌వేర్‌ను అడ్మిన్ పాస్‌వర్డుతో కంప్యూటర్లో ఎక్కించాను. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

సోలాపూర్ కుంఠా నాకా దగ్గర ఒక చాదర్ల కారఖానాలో డిజైన్ కంప్యూటర్ చూస్తాను. ఆ పని నేర్పిన నర్సయ్య మామ పోయినేడు చనిపోయాడు. మా నేతవాళ్లు కొత్త డిజైన్‌ను కొత్త పడుగు మీద ఎక్కించరు. పాత పడుగు చివర మిగిలిన మూరెడు మీద నేసి చూస్తారు. మామ కంప్యూటర్‌కూ అదే నియమం పెట్టాడు.

"అడ్మిన్ పాస్‌వర్డు ముట్టకు అల్లుడు. కొత్తదేదైనా నీ ఖాతాల, నీ ఫోల్డర్లనే ఎక్కించు. ఖరాబైతే నీ మూర పోతది, పడుగంత పోదు."

మగ్గాలకు డిజైన్లు పంపే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ మధ్యాహ్నం నా ఖాతాలో ఎక్కుతూ సగంలో ఆగిపోయింది, అనుమతి లేదంటూ. విసుగొచ్చి అడ్మిన్ పాస్‌వర్డు కొట్టాను. ఈసారి అది ఆగలేదు. పాత ఫైళ్లను శుభ్రం చేస్తూ కారఖానా డిజైన్లన్నీ తుడిచేసింది. వేరే కాపీ తీసి పెట్టడమూ నా పనే. తీయలేదు.

డిజైన్ లేకపోతే సాయంత్రం షిఫ్టు లేదు, నేసేవాళ్లకు కూలి లేదు. కారఖానా యజమాని సేటు అడిగితే కరెంటు మీదికి నెట్టాను.

అప్పుడు గోడ అవతల చేమగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది. అక్కడున్నది మామ మగ్గం ఒక్కటే, దాని మీద పడుగు లేదు. వెళ్లేసరికి చప్పుడు ఆగింది. ఎవరూ లేరు. చెక్క మీద దుమ్ము కూడా చెదరలేదు.

తిరిగి వచ్చి కంప్యూటర్లో వెతికితే, మామ ఖాతాలో అదే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించి ఉంది. పక్కనే డిజైన్లన్నీ ఉన్నాయి. ఆయన పోయాక ఆ ఖాతాను మూసేసింది నేనే. పాత కాపీ అనుకుందామంటే, ఆ ఉదయం నేను గీసిన దానిమ్మ పువ్వు చాదరు కూడా అందులో ఉంది.

షిఫ్టు నడిచింది. సేటు భుజం తట్టాడు. "నర్సయ్య ఉన్నా గింత జల్ది చేయకపోవు."

ఆ మెప్పు నాది కాదు. మర్నాడు పొద్దున్నే జోడ్‌భావి పేట్‌లో మామ భార్య లక్ష్మవ్వత్త దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె బీడీలు చుట్టడం ఆపలేదు.

"ఆయన గట్లనే బిడ్డా. తప్పు చేసినోన్ని తిట్టడు. పక్కకు కూసొని మల్ల నేస్తడు. తిడితే బాగుండునని నేనే అనుకుంటుంటి."

అటు నుంచి అటే కారఖానాకు వెళ్లి, షిఫ్టు మారేవేళ అందరి ముందూ సేటుకు నిజం చెప్పాను, నా తప్పూ, మామ ఖాతా సంగతీ. ఆ ఖాతాలోకి ఎవరు వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు. అడ్మిన్ పాస్‌వర్డు మార్చమని సేటునే కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కొడుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాను.