ఎదురొచ్చే గాలిమోటరు

నా చిన్నప్పుడు అని నోరు తెరిస్తే చాలు, మా దవాఖానలో పెద్ద సిస్టర్లు నవ్వుతారు. నిన్నగాక మొన్న కళ్ళు తెరిచినదానివి, నీకు చిన్నప్పుడేందే అంటారు. వాళ్ళన్నదీ నిజమే. కానీ రాత్రి డ్యూటీ దిగి, కాళ్ళు పీకుతుంటే తిరుమలగిరి బస్సు కోసం నిలబడినప్పుడు నా వయసెంతో నాకే తెలియదు. అలాంటి పొద్దుల్లో గుర్తొచ్చేది తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి ఒక సాయంత్రం.

మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, హైదరాబాద్‌లో కొలువు దొరికింది. మొదటి జీతంతో ఏం తేవాలని అడిగితే, రిమోట్‌తో ఎగిరే గాలిమోటరు అన్నాను. మా వైపు విమానాన్ని అలాగే అంటారు. ఆయన దుకాణంలో నిలబడి అమ్మ ఫోనుకు రెండు ఫొటోలు పంపాడు. ఒకటి ఎర్రది. సూది ముక్కు, వెనక్కి దువ్వినట్టున్న రెక్కలు, అచ్చం యుద్ధవిమానం. రెండోది తెల్లది. థర్మకోల్ లాంటి ఒళ్ళు, నెత్తిమీద అడ్డంగా పెద్ద రెక్క, చూస్తే ముసలి కొంగలా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మెల్లగా ఎగిరే తెల్లదే మంచిదని, ఎర్రది మొదటి రోజే ముక్కలవుతుందని దుకాణపాయన చెప్పాడట. ఏది కావాలో తాను బస్సెక్కేలోపు చెప్పమన్నాడు మామ.

నాకు ఎర్రదే కావాలి. మెల్లగా పోయేదానికి గాలిమోటరెందుకు, ఎడ్లబండి సరిపోదా అని ఏడ్చాను. మా ఇంటికి మళ్ళీ ఇంకొకటి రాదని, విరిగితే అంతే సంగతులని నాకూ తెలుసు. అయినా ఎర్రదే. అమ్మ విసిగిపోయి ఫోను తీసుకెళ్ళి బాపు చేతిలో పెట్టింది.

బాపు అప్పుడే మార్కెట్ యార్డు నుంచి వచ్చి మంచం మీద ఒరిగాడు. బోరు ఎండి, ఎడ్లను అమ్మేశాక యార్డులో బస్తాలు మోసే హమాలీ పనికి పోతుండేవాడు. భుజం మీద తోలు లేచి ఉండేది. మామతో కాసేపు మాట్లాడి, తువ్వాల తీసుకుని లేచాడు.

"దా బిడ్డా, చెల్క దాంక పోయొద్దాం" అన్నాడు.

నాకు పోబుద్ధి కాలేదు. ఆయనకూ అడుగు తీసి అడుగు వేసే ఓపిక లేదని అప్పుడు నాకేం తెలుసు.

చెల్కంటే మా మెట్టచేనే. పల్లికాయ పీకేసి ఖాళీగా ఉంది. గట్టు పక్కన ఒక ముళ్ళకంప. బాపు నన్ను గట్టు దగ్గర నిలబెట్టి, తువ్వాలతో కళ్ళకు గంతలు కట్టుకుని, చేతులు బార్లా చాపాడు. "నేనే గాలిమోటరును. నువ్వు తోలు. ఎటు పొమ్మంటె అటు పోత" అన్నాడు. ఎడ్లను తోలేటప్పుడు ఎడమకు దాపట అని, కుడికి వలపట అని మా దగ్గర అంటారు. ఆ మాటలతోనే తోలమన్నాడు. నాకు ఏడుపు ఆగి నవ్వొచ్చింది.

వీపు నావైపు పెట్టి పోతున్నంతసేపూ సులువే. దాపటంటే దాపటకు, వలపటంటే వలపటకు పోయాడు. చెల్క చివర మళ్ళమన్నాను. నావైపు తిరిగి ఉరకడం మొదలుపెట్టాడు. కంప నాకు ఎడమ పక్కన ఉంది. కుడికి తప్పిద్దామని వలపట, వలపట అని అరిచాను. ఆయన తన కుడికి తిరిగి నేరుగా కంపలో పడ్డాడు. ఎదురొచ్చేవాళ్ళ కుడి మనకు ఎడమవుతుందని నాకు తట్టనే లేదు. ఎడ్లను ఎప్పుడూ వెనక నుంచే కదా తోలింది.

మోచేతి నిండా రక్తం. ముళ్ళు ఒక్కొక్కటే తీశాను. ఇంటికి పోదామని బతిమిలాడాను. "ఎదురొచ్చేటప్పుడు గాలిమోటరు గూడ గిట్లనె తారుమారైతదట, మీ మామ చెప్పిండు. ఇంకొక్కపాలి. గిప్పుడు మెల్లగ వస్త" అన్నాడు.

ఈసారి పొద్దంతా దున్ని ఇంటికి మళ్ళే ఎద్దులా వచ్చాడు. అది ఆట కోసం కాదు, ఆయనలో మిగిలిన సత్తువే అంత. కంప దాకా వచ్చేలోపు నన్ను నేను ఆయన జాగాలో నిలబెట్టుకుని చూసుకోవడానికి సందు దొరికింది. దాపట, బాపూ, అన్నాను. ఆయన నా కుడి పక్కకు తప్పుకుని, నా భుజానికి తగిలి ఆగాడు.

"గిప్పుడెట్ల ఎరుకైంది?" అన్నాడు గంతలు విప్పుతూ.

"నువ్వు మెల్లగ వచ్చినవ్ గద."

"అయితె మామకు ఫోన్ చెయ్."

ఏది తెమ్మనాలో మాత్రం చెప్పలేదు. నేనే తెల్లది తెమ్మన్నాను.

ఆ ముసలి కొంగ పడని చోటు లేదు మా చెల్కలో. రెక్క మీద టేపు, టేపు మీద టేపు. పడ్డా లేచేది. నా పదో తరగతి దాకా ఎగిరింది.

ఇప్పుడు దవాఖానలో నా మీదికి జోరుగా వచ్చేవాళ్ళే ఎక్కువ. మంచమేది, డాక్టరేడి అని. ఒళ్ళు అలసి ఉంటుంది, నాకూ అరవాలనే ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, వాళ్ళున్న వైపు నుంచి చూడాలనుకుంటాను. అన్నిసార్లూ కుదరదు.

మొన్న బాపుకు మా దవాఖానలోనే కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో దానికి ఇంకా పొర. వరండాలో చేతులు చాపి తడుముకుంటూ నావైపు వస్తున్నాడు. నాకు ఎడమ పక్కన స్ట్రెచర్ అడ్డంగా ఉంది. డ్యూటీ దిగే వేళ, నిలబడితే తూలుతున్నాను. అయినా నోట మాట తప్పుగా రాలేదు.

"దాపటకు, బాపూ" అన్నాను.

ఆయన ముసిముసిగా నవ్వాడు. నా కుడి పక్కకు వచ్చి, నా భుజం పట్టుకున్నాడు.