అత్త దించనివ్వని బండి

మా మేనత్త పోయిందని ఫోన్లు చేసి చెబుతుంటే అవతలి వాళ్లందరూ ఒకటే ప్రశ్న అడిగారు. "యాడ పడిందంట?" ఎక్కడా పడలేదు. గోరంట్లలో తన ఇంట్లో, పొద్దున కాఫీ తాగి, వరండాలో కుర్చీలో కూర్చునే పోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. అయినా చూడడానికి వచ్చినవాళ్లు ముందు వాకిట్లో మోటారు సైకిలు చుట్టూ తిరిగి, సొట్టలేమైనా ఉన్నాయా అని వెతికి, ఆ తర్వాతే లోపలికి వెళ్లారు. వాళ్లకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

అత్త పశువుల ఆసుపత్రిలో పనిచేసింది. గొర్రెలకు సూదులు వేయడానికి స్కూటరు మీద ఊరూరూ తిరిగేది. రిటైరయ్యాక దూరప్రయాణాలకు వాడే పెద్ద బండి కొనుక్కుంది. మనిషి పొట్టి, బండి ఎత్తు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ గాల్లోనే. అది ఆమెకు సమస్యగా తోచలేదు, మా ఇంట్లోవాళ్లకు తోచింది.

బండి ఆపడంలో ఆమె పద్ధతే వేరు. సీటు మీద కాస్త ఎడమకు జారి, ఎడమకాలి మునివేళ్లు నేలకు ఆనించేది. కుడికాలు బ్రేకు మీదే. మన రోడ్లు అంచుల్లో వాలుగా దిగుతాయి కదా, మరీ పక్కకు పోయి ఆపితే ఆ ఒక్క కాలూ అందదు. అందుకని టీ బంకు ఎంత మంచిదైనా ముందు నేల చూసేది. నేల నచ్చకపోతే ఆగేది కాదు. ఆమె వెనక కూర్చుని టీకి మొహం వాచిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

చిన్నాయన ఊరుకోలేదు. "కాళ్లందని బండి ఏంటికక్కా? కిందికి దించుకుంటే నీదేం పోతాది?" అని ఒకటే పోరు. పడలేక అత్త సరేనంది. అనంతపురంలో ఒక మెకానిక్కు వెనక చక్రం దగ్గర సస్పెన్షన్ లింకులు మార్చి, వెనకభాగాన్ని రెండంగుళాలు దించేశాడు. ముందువైపు ముట్టుకోలేదు. అత్త పాదాలు రెండూ నేలకు ఆనాయి. చిన్నాయన మిఠాయి తెప్పించాడు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. బండి దిగింది గానీ సైడు స్టాండు పొడవు తగ్గలేదు. స్టాండు వేస్తే పక్కకు వాలకుండా నిటారుగా నిలబడేది. మన ఆషాఢం గాలి సంగతి మీకు తెలుసు, ఒక్క తోపుతో వాకిట్లోనే పడేసింది. స్పీడు బ్రేకరు దాటితే కింది భాగం దానికి కొట్టుకునేది. అన్నిటికంటే అన్యాయం మలుపులు. వెనక కుంగి ముందు లేచేసరికి హ్యాండిలు బరువెక్కింది. "వంగమంటే వంగదు. మొండెద్దు మాదిరి బయటికే పోతాండాది" అని అత్త తిట్టుకునేది.

కదిరి దారిలో గుట్టల మధ్య ఒక ఎడమ మలుపు ఉంది. అక్కడ బండి బయటికి పోతుంటే లోపలికి తేవాలని అత్త ఇంకాస్త వంచింది. బండితోపాటే కిందికి దిగిన స్టాండు, మడిచి ఉన్నా రోడ్డుకు గీసుకుని వెనక చక్రాన్ని లేపేసింది. అత్త మోచేయి విరిగింది. చిన్నాయన మంచం పక్కన నిలబడి అందుకున్నాడు. "చెప్తే ఇనింటివా? ఈ వయసులో ఆడమనిసికి ఇంత బండి ఏంటికి?" కట్టు కట్టిన చేతిని దిండు మీదికి జరుపుకుని అత్త నిదానంగా అంది. "ఎత్తు బండి నన్ను ఎప్పుడూ పడేయలేదురా. పడింది మీరు దించినాకనే."

చెయ్యి అతుక్కోగానే పాత లింకులు పెట్టించింది. ముందు చక్రం ఫోర్కులు కూడా దించి, స్టాండు కోస్తే చాలావరకు సర్దుకుంటుందని మెకానిక్కు చెప్పాడు. అతను చెప్పింది నిజమే. అత్త ఒప్పుకోలేదు. "ఆగేది నిమిసం, పోయేది దినమంతా. నిమిసం కోసరం దినమంతా పాడు చేసుకుంటానాప్పా?" అంది. ఆ తర్వాత లేపాక్షి దారిలో నన్ను ముందు కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని నేర్పింది. "ఎవురన్నా నవ్వితే నవ్వనీ. నువ్వు నేల చూసుకో" అనేది. నా మీద నాకే నమ్మకం లేని రోజుల్లో నన్ను నమ్మిన మనిషి ఆమె. ఆమె లేదంటే నాకు ఏడుపుకంటే ముందు కోపం వస్తోంది.

దినాలు అయిపోయిన మరునాడు బండి సంగతి వచ్చింది. అది నాకేనని అత్త ఎప్పుడో అందరి ముందూ చెప్పింది కాబట్టి అమ్మే మాట లేదు. కానీ నేను అత్తకంటే పొట్టి. చిన్నాయన తాళం జేబులోనే పెట్టుకున్నాడు. "ఈసారి ముందూ ఎనకా రెండూ సమంగా దించుదాం. స్టాండూ కోపిద్దాం. సరిగ్గా చేపిచ్చి ఇస్తా పాపా" అన్నాడు. పాపం, ఆయన భయం నిజమైన భయమే. అక్కను పోగొట్టుకున్న మనిషి.

"దించితే నాకొద్దు చిన్నాయనా. ఎట్లుండాదో అట్లే ఇయ్యి" అన్నాను.

నాయన తన తమ్ముడి వైపు తిరిగాడు. "ఇయ్యిరా. పడితే లేస్తాది."

తాళం నా చేతికి వచ్చింది. ఫుట్‌రెస్టు మీద నిలబడి ఎక్కి కూర్చున్నాను. చిన్నాయన ఒక పక్క, నాయన ఒక పక్క, పక్కింటాయన వెనక, ముగ్గురూ పట్టుకోవడానికి చేతులు చాపి నిలబడ్డారు. గేరు వేసి క్లచ్చు వదిలాను. వీధి చివర అద్దంలో చూస్తే ముగ్గురూ అక్కడే ఉన్నారు, మధ్యలో ఏమీ లేకపోయినా చేతులు అలాగే చాపుకొని.