దట్ ఆఫ్ పట్టిన ఏడాది

బి.ఏ. రెండో సంవత్సరంలో నేను తార్నాకలో మా అక్కాబావల దగ్గర ఉండి చదువుకున్నాను. బావ ఒక కార్ఖానాలో ఫిట్టరు. కార్ఖానావాళ్ళిచ్చిన పెంకుటింట్లో ఉండేవాళ్ళం. రెండేసి ఇళ్ళు ఒకే నడిమి గోడకు ఆనించి కట్టిన జంట క్వార్టర్లవి. పొద్దున అక్క కట్టిచ్చిన డబ్బా పట్టుకుని యూనివర్సిటీ దాకా నడిచేవాణ్ణి. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివినా నాకు ఇంగ్లీషు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి. అడిక్‌మెట్ గదుల్లో ఉండే నా తోటివాళ్ళు కూడా అలాగే అనుకునేవాళ్ళు, వాళ్ళకు అసలే రాదు గనక.

ఆగస్టులో పెట్టిన క్లాసు పరీక్షతో ఆ భ్రమ తీరింది. మా ఇంగ్లీషు లెక్చరరు క్లాసులో ఇంగ్లీషే మాట్లాడేవారు. ఎవరినైనా మందలించాలంటే మాత్రం తెలుగులోకి దిగేవారు. నా కాగితం చేతిలోకి తీసుకుని తెలుగులోకి దిగారు.

"హైదరాబాద్ ఎండలు మా ఊరికంటే తక్కువ అని రాసినవ్. ఎండను ఊరితోని ఎట్ల తూస్తవయ్యా? ఎండను ఎండతోనే తూచాలె."

తెలుగులో అలా అంటే ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లీషులో మాత్రం మధ్యలో ఒక 'దోజ్ ఆఫ్' పెట్టి, 'మా ఊరి ఎండలకంటే' అన్న అర్థం తేవాలట. ఒక్క వస్తువే అయితే 'దట్ ఆఫ్'. అదే కాగితంలో నేను ఒక తండ్రి గురించీ కొడుకు గురించీ రాస్తూ ఇద్దరికీ కలిపి 'హీ' అన్న ఒక్క మాటే వాడాను. నాలుగో 'హీ' దగ్గర చచ్చిపోయింది ఎవరని అడిగారు. తండ్రి అన్నాను. నువ్వు రాసిన ప్రకారం కొడుకు పోయాడన్నారు. క్లాసంతా నవ్వింది. ఆడపిల్లలు కూర్చునే ముందు బెంచీలు కూడా నవ్వాయి. నాకు తగిలింది ఆ నవ్వే.

ఆ ఆదివారం ముషీరాబాద్‌లో ఒక పాత పుస్తకాల దుకాణంలో అట్టలేని వ్యాకరణం కొన్నాను. మిగతావన్నీ వదిలేసి పోలికల అధ్యాయం, సర్వనామాల అధ్యాయం పట్టాను. మన 'తను' చేసే పని చేసిపెట్టే మాట ఇంగ్లీషులో లేదని, 'హీ' అంటే ఎవరో రాసేవాడే పూచీ పడాలని అర్థమైంది. పదిహేను రోజుల్లో రెండు అధ్యాయాలూ కంఠతా వచ్చాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేను మనుషుల్ని కూడా ఎరగలేదు.

మొదట అక్క దొరికింది. పక్కింటామె చారు తనకంటే మంచిగుంటదని మామూలుగా అంది. చారును మనిషితో పోల్చకూడదని, 'నా చారు కంటే' అనాలని చెప్పాను. ఆ పూట నా కంచంలోకి చారు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత బావ. 'తండ్రి కొడుకుతో హీ మూర్ఖుడని అన్నాడు' అనే వాక్యం వినిపించి, మూర్ఖుడెవరో చెప్పమన్నాను. బావ బీడీ ఆర్పి కాసేపు ఆలోచించాడు.

"ఇద్దరూ అయి ఉండొచ్చు గద బామ్మర్దీ."

పాపం ఆయనకు వ్యాకరణం ఎక్కదని జాలిపడ్డాను.

సెప్టెంబరు వానలకు మా కప్పు కారడం మొదలుపెట్టింది. వంటింట్లో సరిగ్గా పొయ్యి మీదే ధార. అక్క ఉన్న గిన్నెలన్నీ కింద పెట్టి, చాలక నా డబ్బా కూడా పెట్టింది. ఇంగ్లీషులో దరఖాస్తు పెడితే కార్ఖానా ఆఫీసులో తొందరగా కదులుతుందని బావ నన్ను రాయమన్నాడు. రెండు లైన్లు చాలన్నాడు.

నా చదువు రెండు లైన్లలో ఇమిడేది కాదు. రెండు సాయంత్రాలు కూర్చుని రెండు పేజీలు రాశాను. ఎవరికీ అనుమానం రాకూడదని సర్వనామాలు దాదాపు మానేశాను. పోలిక ఉంటే బలంగా ఉంటుందని పక్కింటి కప్పును లాక్కొచ్చాను. అసలు వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: 'పొరుగువారి క్వార్టరుకు ఆనుకుని ఉన్న క్వార్టరు కప్పు పరిస్థితి, దరఖాస్తుదారు క్వార్టరుకు ఆనుకుని ఉన్న క్వార్టరు కప్పు పరిస్థితి కంటే అధ్వానంగా ఉన్నది.' పొరుగువారికి ఆనుకుని ఉన్నది మేము, మాకు ఆనుకుని ఉన్నది వాళ్ళు. ఇంగ్లీషులో అందులో మూడు 'దట్ ఆఫ్'లు పడ్డాయి. ఏది దేన్ని సూచిస్తుందో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను. మా ఇల్లు కారుతోందన్న మాట మాత్రం రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

వారం తర్వాత కూలీలు పెంకులతో వచ్చి పక్కింటి కప్పెక్కారు. నేను క్లాసుల నుంచి వచ్చేసరికి సగం పని అయిపోయింది. మేస్త్రీకి నా వాక్యం విడమరిచి చెప్పబోయాను. ఆఫీసువాళ్ళిచ్చిన చీటీలో ఏ నంబరుంటే తనకు అదే ఇల్లన్నాడాయన. సాయంత్రం పక్కింటామె సంతోషంగా గిన్నెడు పూర్ణం బచ్చాలు తెచ్చిచ్చింది. దరఖాస్తు నేనే రాశానని ఎవరో చెప్పారట. మేము అవి తింటుండగా వాన మొదలైంది.

బావ తడిసిన బియ్యం ఆరబోస్తున్న అక్కను చూశాడు. నా నోటుబుక్కులోంచి కాగితం చింపి తనే ఏదో రాసి, తప్పులుంటే చెప్పమని ఇచ్చాడు. 'మై హౌస్ వాటర్ కమింగ్.' కింద ఇంటి నంబరు. దిద్దాలని నా చెయ్యి దురదపెట్టింది. అక్క నా వైపే చూస్తోంది. బాగుందన్నాను. మూడో రోజు కూలీలు మా కప్పెక్కారు.

దాంతో బుద్ధొచ్చిందనుకుంటే పొరపాటు. మార్చి పరీక్షలో ఒక వాక్యమిచ్చి, అందులో 'దే' ఎవరిని సూచిస్తుందో రాయమన్నారు. నా లెక్కన అది మూడు రకాల మనుషుల్ని సూచించవచ్చు. ప్రశ్నే తప్పని నిరూపిస్తూ పేజీన్నర రాశాను. వ్యాసానికి పావుగంట మిగిలింది. ప్రతి వాక్యం కొట్టేసి, మళ్ళీ రాసి, నాలుగు లైన్ల దగ్గర ఉండగా గంట కొట్టారు. ఇంగ్లీషులో ఫెయిలయ్యాను.

నాకు అన్యాయం జరిగిందని లెక్చరరు గదికి వెళ్ళి చెప్పుకున్నాను. ఆయన ఓపికగా విని, ప్రశ్నపత్రం తెప్పించుకుని చూశారు.

"నువ్వన్నది నిజమే. ప్రశ్న తప్పే ఉన్నది. దానికెన్ని మార్కులు?"

రెండన్నాను. వ్యాసానికెన్నని అడిగారు. ఇరవై అన్నాను. ఆయన నా చేతిలోని వ్యాకరణాన్ని తన బల్ల మీద పెట్టి పొమ్మన్నారు. వేసవంతా రోజుకొక పేజీ, దారిలో ఏది కనిపిస్తే దాని గురించి రాసుకు రమ్మన్నారు. పుస్తకం పెడుతుంటే కన్నబిడ్డను ఇచ్చేస్తున్నట్టనిపించింది.

రాశాను. మాణికేశ్వర్ నగర్ నల్లా దగ్గర బిందెల వరస గురించి, బస్సులో మేకపిల్లకు టికెట్ అడిగిన కండక్టరు గురించి. నా 'హీ'లన్నీ మళ్ళీ గుంపుగా తిరిగొచ్చాయి. ఆయన ఎర్ర సిరాతో వాటి పక్కన 'ఎవరు?' అని రాసేవారు. కండక్టరు పేజీలో పదకొండు 'ఎవరు?'లున్నాయి. ఒకచోట మేకపిల్ల టికెట్ అడిగింది. పేజీ చివర్లో మాత్రం, అదే ఎర్ర సిరాతో, తర్వాతేమయిందని అడిగారు.

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష రాసి పాసయ్యాను. ముప్పై అయిదు కావాలి, ముప్పై ఏడొచ్చాయి. బావ కార్ఖానాలో తన జట్టుకంతా ఛాయ్ తాగించి, మా బామ్మర్ది ఇంగ్లీషుల ఫస్టొచ్చిండని చెప్పాడట. నేను కాదనలేదు.