పైడమ్మ తెర

చింతపండు పులిమి ఇత్తడి చెంబు తోముతుంటే వచ్చే ఆ పుల్లని లోహపు వాసన ఇప్పటికీ నన్ను పాతపట్నం దగ్గరి మా ఊరికి, గౌరమ్మత్త అరుగు మీదికి లాక్కుపోతుంది. అరవయ్యో దశకం చివర, నాకప్పుడు పదకొండేళ్లు.

గౌరమ్మత్త మాకు చుట్టం కాదు, కంచరి వాళ్ల కోడలు. భర్త పోయాక ఆయన వదిలిన ఇత్తడి రేకుముక్కల్ని ఆకుల్లా కత్తిరించి నేతబట్ట మీద కుట్టే పని తనకు తానే కనిపెట్టి, నాతో కలిపి మా వీధి ఆడపిల్లలు నలుగురికి నేర్పేది. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిన మనిషి, ముఖమంతా గుంటలు. వాన వెలిసిన పొద్దున్నే మమ్మల్ని ఊరి పక్కన పారే గెడ్డ గట్టుకు తీసుకుపోయి, తడిసిన మోదుగాకులు, ఎర్రటి జీడిచిగుళ్లు ఏరించి, ఈనె ఎటునుంచి ఎటు పోతోందో వేలితో తడిమించి, ఆ తర్వాతే రేకు చేతికిచ్చేది. మొండిమేకుతో ఈనెలు నొక్కి, అంచున చిల్లులు పొడిచి, దారంతో బట్టకు బిగించాలి. వేళ్లు తెగితే పసుపు అద్ది, ఉడికించిన వేరుశనక్కాయలు ఒళ్లో పోసేది.

మా అందరిలో పైడమ్మ పనితనం వేరు. వాళ్లింటి గుమ్మానికని తెర కుడుతూ, పురుగు కొరికిన ఆకుని కొరికినట్టే చేసింది. మంచి ఆకు చెయ్యొచ్చు కదా అంటే, "ఇదీ ఆకే కదేటి" అంది.

ఆ వేసవిలో పైడమ్మకు అమ్మవారు పోసింది. వాళ్ల గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు, అటువైపు నడవడమే మానేశాం. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదని గౌరమ్మత్త ఒక్కతే రోజూ వెళ్లి కూర్చునేది. కళ్లు విప్పలేని పిల్ల చేతికి తెర అందిస్తే, ఒక్కో ఆకు తడిమి ఇది మోదుగ, ఇది జీడి అని చెప్పేదట. తొమ్మిదో రోజున పైడమ్మ పోయింది.

ఆమె బట్టలన్నీ, తెరతో సహా, ఊరి బయట తగలబెట్టారు. గౌరమ్మత్త చల్లారిన బూడిదలోంచి నల్లబడ్డ రేకాకుల్ని ఏరి కొంగున కట్టుకోవడం అందరూ చూశారు. ఆ మనిషే రోగాన్ని ఇల్లిల్లూ తిప్పుతోందని మర్నాటికల్లా మాట పుట్టింది. అరుగు ఖాళీ అయింది.

వారం తర్వాత ఆమె మా గుమ్మం ముందు నిలబడింది. "ఒసే, పైడమ్మ ఆకులు నా కాడున్నాయి. కొత్త బట్ట తెచ్చినాను. నువ్వొస్తే వాళ్లమ్మకి తెర కుట్టేసి ఇచ్చేద్దుము" అంది.

"పిల్ల రాదు వదినా, ఎల్లిపో" అంది అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి.

అమ్మ పోనివ్వలేదనే ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకొచ్చాను. నిజం అది కాదు. గౌరమ్మత్త అమ్మ భుజం మీదుగా నా వంకే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు నేనే, "నాను రాను" అన్నాను.

సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయింది. ఒక్కతే కూర్చుని కుట్టి, పైడమ్మ గుమ్మానికి తనే కట్టింది. వాళ్లమ్మ దాన్ని తియ్యలేదు. వానలు పడేనాటికి గౌరమ్మత్త ఒరిస్సాలోని పుట్టింటికి పోయింది. సాగనంపడానికి ఒక్కరూ వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు.

ఇప్పుడు ఆ వీధిలో కంచరి ఇల్లు లేదు, గెడ్డ పూడిపోయింది. ఆ పని నేర్చిన నలుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న మా మనవరాలు బట్ట మీద రేకు కుట్టడం ఎలాగో చూపించమంది. నాకు రాదని చెప్పాను.