ముప్పావు పరుగు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. కానీ ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, "నేను స్కోరర్ని" అంటాడు. ఒకప్పుడు మిల్లు క్రికెట్ జట్టుకి స్కోరు రాసినవాడు మరి! మిల్లు మూతపడింది, జట్టు చెల్లాచెదురైంది, ఈయనగారి గొప్ప మాత్రం చెక్కుచెదరలేదు. "నా పుస్తకంలో ఒక్క తప్పు చూపించండి, నా పేరు మార్చుకుంటా" అన్న మాట విననివాళ్ళు చుట్టాల్లో లేరు.

మొన్నీమధ్య కూతురు కొత్త గేమ్ మెషిన్ కొనుక్కుని పాతది ఈయన చేతిలో పెట్టింది. అందులో క్రికెట్ ఉంది. వారం రోజులు ఊరికే నొక్కుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత తెలిసింది, ఆటగాళ్ళని మనమే తయారు చేసుకోవచ్చని. ఎత్తు, ఒళ్ళు, మీసం, బ్యాటు పట్టే తీరు, పరుగు వేగం, అన్నీ మనిష్టం. ఇంక ఆయన కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు.

"మా జట్టు మొత్తాన్ని దింపేస్తున్నా!" అన్నాడు భార్యతో.

"ముందు ఆ గ్యాస్ బండ దింపండి" అందావిడ.

బీరువా మీది స్కోరు పుస్తకాలు కిందికొచ్చాయి. వాటిలోంచి ఎవరు ఎంత కొట్టారో, ఎవరు ఎన్ని వికెట్లు తీశారో లెక్క తీసి, మనిషికి వందకి ఇన్ని మార్కులని వేసుకుంటూ పోయాడు. పరీక్ష పేపర్లు దిద్దే పంతులు కూడా అంత ముచ్చటపడడు. బాయిలరు దగ్గర పనిచేసిన కెప్టెన్ వచ్చి చూసుకుని, మీసం ఇంకాస్త గుబురుగా ఉండాలని పేచీ పెట్టాడు. గేమ్‌లో ఉన్నవి మూడే రకాల మీసాలు. చివరికి గడ్డంతో సరిపెట్టుకున్నాడు.

పదకొండోవాడు అక్క మొగుడు, నూలు చుట్టే సెక్షన్‌లో చేసిన బావ. ఆయన్ని జట్టంతా 'ముప్పావు' అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఊళ్ళోని ప్రింటింగ్ ప్రెస్సు జట్టుతో ఫైనల్. ప్రెస్సు వాళ్ళు నూట నలభై మూడు కొట్టారు. మనవాళ్ళు నూట నలభై రెండు దగ్గర, చివరి బంతికి, చివరి వికెట్టుగా బావ పరుగు తీయబోయి ముప్పావు దూరంలో రనౌటయ్యాడు. ఒక్క పరుగుతో కప్పు పోయింది. ఆ పేరు ఎంత గట్టిగా అంటుకుందంటే, బావ కూతురి పెళ్ళిలో వియ్యంకుడు కూడా "ముప్పావు గారూ, రండి" అన్నాడు. అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు. మన స్కోరరు మాత్రం గేమ్‌లో బావ పరుగు వేగానికి వందకి ఇరవై వేసి, చొక్కా వెనక 'ముప్పావు' అని కొట్టి, తనలో తనే నవ్వుకున్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి అందర్నీ పిలిచాడు, ఆ ఫైనల్ మళ్ళీ ఆడదామని. ఆ పొద్దున ప్రెస్సు బౌలర్లని తయారు చేసే పని మిగిలింది. గురి ఎంతో తేలాలంటే ఎవరు ఎన్ని వైడ్లు వేశారో లెక్కపెట్టాలి. బౌలర్ల గళ్ళలో వైడ్ గుర్తులు ఐదు కనబడ్డాయి. అదనపు పరుగుల వరసలో నాలుగే ఉన్నాయి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. ఐదు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఐదే. తొమ్మిదో ఓవర్లో వైడ్ గుర్తు వేసి, పరుగు కలపడం మర్చిపోయాడు. ఆ రోజు ఓడిన దుఃఖంలో పుస్తకం మూసేశాడు గానీ, సరిచూడనే లేదు. అంటే ఆ చివరి బంతి పడకముందే మనవి నూట నలభై మూడు! బావ అవుటైనా ఆట టై! కప్పు చెరో ఆర్నెల్లు ఉండేది!

ఓడలేదు! ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణం బావ మొహం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. పెన్సిలుతో ఇప్పుడే ఆ ఐదో గుర్తు కొట్టేస్తే అడిగేవాడు లేడు. పెన్సిలు అందుకున్నాడు కూడా. చెయ్యి రాలేదు.

నాలుగింటికి అక్కాబావలు, కెప్టెన్, ఇంకో ఐదుగురు వచ్చి ముందుగదిలో సర్దుకున్నారు. ఈయన పుస్తకం తెరిచి బావ ఒళ్ళో పెట్టాడు.

"బావా, తప్పు నీది కాదు, నాది. ఒక వైడ్ కలపలేదు. మనం ఓడిపోలేదు."

కెప్టెన్ పుస్తకం లాక్కుని రెండుసార్లు లెక్కపెట్టి నోరు తెరిచాడు. అక్క తమ్ముడి వంక చూసిన చూపుకి గోడకున్న గడియారం ఆగాల్సింది. బావ మాత్రం టీవీ వైపే చూస్తున్నాడు.

"నేనాడతా. ఆ ఒక్క బంతి పెట్టు" అన్నాడు.

స్కోరరు పెట్టాడు. ఒక్క బంతి, ఒక్క వికెట్టు, గెలవడానికి ఒక్క పరుగు. బావకి ఏ మీట నొక్కాలో చూపించాడు. బంతి వచ్చింది. బావ కొట్టాడు. తెర మీద ముప్పావు చొక్కా వేసుకున్న బక్కమనిషి పరిగెత్తాడు. గదిలో ఎనిమిది మంది పెద్దమనుషులు "పరిగెత్తు, పరిగెత్తు!" అని గొంతు చించుకున్నారు. ఇరవై మార్కుల పరుగు ఎంతదూరం పోతుంది? ముప్పావు దూరంలో వికెట్లు ఎగిరిపోయాయి.

తెర మీద 'టై' అని పడింది.

"అవుటయ్యానే!" అని బావ కుర్చీలోంచి లేచి అక్క చేతులు పట్టుకుని ఊపేశాడు. "చూశావా, అవుటయ్యాను! అయినా ఓడలేదు!" కెప్టెన్ ఈల వేశాడు. అక్క ఏడుస్తూ నవ్వుతోంది. పక్కింటివాళ్ళు ఏమైందోనని తొంగిచూశారు.

స్కోరరు ఒక మూల తలవంచుకుని నిలబడ్డాడు. బావ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు చూపిస్తే పేరు మార్చుకుంటానన్నావుగా బామ్మర్దీ? నాది తీసుకో. ముప్పై ఎనిమిదేళ్ళు వాడాను, ఇంకా గట్టిగానే ఉంది."