పాలే, తిను

అరచేతిలో పట్టేంత చీజు ముక్క. పదమూడేళ్లుగా దాన్ని మోస్తున్నాను. తిన్నది నేను కాదు, తినిపించినదాన్ని. అరగనిది మాత్రం నాకే.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలా ఉంటేనే ఈ మాట బయటికొస్తుంది. నాది పెద్ద నోరు. యానాం నుంచి పాండిచ్చేరికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలోనే ఆఫీసులో నాతో వాదనకు దిగేవాళ్లు తగ్గిపోయారు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. దేనికైనా రుజువు అడుగుతాను. అలాంటిదాన్ని ఈ ఒక్క విషయంలో నోరు మూసుకుని ఎందుకున్నాను?

కనకవల్లి మా పక్కింటి అమ్మాయి. తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే, బడిలో చదివింది తమిళం. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. బిడ్డ పుట్టేదాకా నీసు ముట్టనని ఏడుకొండలవాడికి మొక్కుకుంది. జాలర్లుండే వైతికుప్పం నుంచి చేపల బుట్ట వాకిట్లోకి వస్తే ఒకసారి గట్టిగా వాసన పీల్చుకుని లోపలికి వెళ్లిపోయేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. దేవుడు నువ్వు తినే చేప ముక్కలు లెక్కపెడుతూ కూర్చుంటాడా అని ఎన్నిసార్లు అడిగానో.

ఒక ఆదివారం నా ఆఫీసు స్నేహితురాలు విమల మా ఇద్దరినీ మురుంగపాక్కం దాటాక ఉన్న ఒక తోటకి తీసుకెళ్లింది. ఒక ముసలి ఫ్రెంచి ఆవిడ అక్కడ మేకల్ని పెంచి, వాటి పాలతో చీజు చేసి అమ్మేది. ముందుగా చెబితే భోజనం కూడా పెట్టేది. జీడిమామిడి చెట్టు కింద బల్ల వేశారు. కనక తన మటుకు డబ్బాలో పులిహోర తెచ్చుకుంది.

వడ్డించేలోగా నేను చీజు చేసే గది చూడటానికి వెళ్లాను. గోడ మేకుకి ఎండిన తోలుసంచి లాంటిదేదో వేలాడుతోంది. ఏమిటని అడిగాను. ఇంకా గడ్డి తినని మేకపిల్ల కడుపట. దాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పాలలో పోస్తే గట్టిపడతాయట. వచ్చీరాని తమిళంలో, మనం పాలు తోడుపెట్టడం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది ఆవిడ.

తిరిగొచ్చేసరికి కనక ఆ తెల్లటి ముక్కను వేలితో నొక్కి చూస్తోంది.

"ఏంది అక్కా ఇది? జున్ను మాదిరి ఉండాది."

"జున్నే అనుకో. మేకపాలు."

"పాలే గదా? ఇంకేమీ కలపలే గదా? నువ్వు లోపల చూసొచ్చినావు, అందుకే అడగతా."

"పాలే, తిను."

"సత్యంగా?"

"చదువుకున్నదాన్ని, నీకు అబద్ధం చెబుతానా?"

"చదువుకున్నోళ్ల మాట నమ్మే మా మామ బోరు వేయించినాడు. నీళ్లు యాడ?"

విమల పగలబడి నవ్వింది. కనకా నవ్వుతూనే నోట్లో వేసుకుంది. రెండో ముక్క తనే అడిగి పెట్టించుకుంది.

తిరుగు బస్సులో చెబుదామనుకున్నాను. చూడు, తిన్నావు, ఏమైంది? ఆకాశం విరిగి మీద పడిందా? మాటలన్నీ ముందే పేర్చుకున్నాను. ఆమె ఒళ్లో అరిటాకు పొట్లం ఉంది, మొగుడికి ఒక ముక్క. "మొక్కుకున్నాక నోటికి రుచిగా తినింది ఈ పొద్దే అక్కా" అంది. చెప్పలేదు. జాలి అనుకోకండి. ఇంకా మంచి సమయం వస్తుందని ఆగాను, అంతే.

వచ్చింది. మరుసటేడు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మొక్కు తీర్చుకుని లడ్డూ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఇప్పుడు చెప్పక్కా, లెక్కపెట్టినాడా లేదా?"

నా జీవితంలో అంత గట్టి రుజువు మళ్లీ నా చేతికి రాలేదు. మొక్కు తప్పింది, బిడ్డ పుట్టింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లడ్డూ నోట్లో పెట్టుకున్నాను.

అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. బిడ్డ బాగుండాలని కనక ఆ మొక్కును అలాగే పొడిగించుకుంది. పిల్లకి జ్వరం వస్తే చాలు, గిన్నెలన్నీ చింతపండేసి తోముతుంది. "యాడో తప్పు జరిగుంటాది అక్కా. మా ఆడబిడ్డ చేపల గరిటె సాంబార్లో పెట్టిందేమో." నేను పిల్ల నోట్లోంచి థర్మామీటరు తీసి చూస్తూ, ఊరంతా ఉన్న జ్వరమే ఇది, నీ గరిటెలకేం తెలుసు అంటాను. అన్నది నిజమే. కానీ ఆమె ఇల్లంతా వెతుకుతున్న తప్పు నా దగ్గరుంది.

ఎందుకు చేశాను? మూఢనమ్మకం వదిలించడానికని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను, ఆఫీసులో ఎవరైనా ఈ కారణం చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తునాతునకలు చేసేదాన్ని, ఎందుకంటే వదిలించాలనుకున్నవాళ్లు ఎదురుగా వాదిస్తారు గాని కంచంలో దాచి పెట్టరు. ఆమె నన్ను నమ్మి అడిగింది. ఆ నమ్మకాన్నే వాడుకున్నాను. గెలవడానికి.

పాలే అన్నాను. పాలు మాత్రమే కాదు. ఈ మాట కాగితం మీద పెట్టేసరికి కాస్త గాలి ఆడుతోంది. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు.

తెలుగులో ఎందుకు రాశానో కూడా చెప్పేస్తాను. కనకకు తెలుగు అక్షరాలు రావు. అందుకే ఈ ధైర్యం.

కానీ ఆమె కూతురికి ఆదివారాలు అక్షరాలు నేర్పుతున్నది నేనే. మొన్న ఒత్తులు పూర్తయ్యాయి. మా ఇంటికొచ్చే ఈ వారపత్రికనే పట్టుకెళ్లి, కూడబలుక్కుంటూ తల్లికి చదివి వినిపిస్తోందట. పాఠాలు ఆపేయొచ్చు. ఏదో ఒక సాకు చెప్పొచ్చు, సాకులకు నాకు కొరత లేదు.

ఈ ఆదివారం కూడా రమ్మనే చెప్పాను.