గ్రీన్‌ను రెడ్ అని పిలిచిన రోజులు

రెండు వేల పదమూడు వేసవి చివర్లో నాకు లోకో పైలట్ ప్యాసింజర్‌గా ప్రమోషన్ వచ్చింది. హెడ్‌క్వార్టర్ కాజీపేటే. అంతకు ముందు ఏళ్ల తరబడి గూడ్స్ బండ్లు నడిపాను. గూడ్స్ డ్రైవర్ వెనక ఉండేది బొగ్గు, సిమెంటు. ప్యాసింజర్ డ్రైవర్ వెనక ఉండేది మనుషులు. తేడా జీతంలో కన్నా గౌరవంలో ఎక్కువ. నా భార్య సుగుణ రైల్వే క్వార్టర్లలో ఇంటింటికీ జిలేబీ పంచింది. నేనూ కొన్నాళ్లు కాలరెగరేసుకుని తిరిగాను, ఎందుకు దాచాలి!

మా పనిలో ఒక పద్ధతి ముందే చెప్పాలి. ఇంజన్‌లో ఇద్దరం ఉంటాం, లోకో పైలట్, అసిస్టెంట్. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యి చాపి దాని రంగును గట్టిగా పిలవాలి. లోకో పైలట్ తన కళ్లతో చూసి, తనూ గట్టిగా పిలవాలి. ఇద్దరి మాటా కలిస్తే బండి సాగుతుంది. కలవకపోతే ఎవరు ఎక్కువ జాగ్రత్త రంగు చెప్పారో వాళ్ల మాటే చెల్లుతుంది. ఒకరు గ్రీన్ అని, ఇంకొకరు రెడ్ అంటే బండి ఆగాల్సిందే. మంచి రూలు, ఎన్నో ప్రాణాలు కాపాడిన రూలు.

నా అసిస్టెంట్ శ్రీను. పరకాల దగ్గరి రైతుల పిల్లవాడు, నాకన్నా బాగా చిన్నవాడు. నన్ను డేవిడన్నా అనేవాడు. మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబమే, కానీ నాది పేరుకు మాత్రమే భక్తి. ఆదివారం డ్యూటీ పడితే లోపల్లోపల సంతోషపడే రకం నేను.

ఆ వానాకాలంలో ఒక పొద్దున, జమ్మికుంట దాటాక పత్తిచేన్ల మధ్య వంపు తిరుగుతున్నాం. ఒక పెద్దమనిషి సైకిల్ నెట్టుకుంటూ పట్టాల మీదికి ఎక్కాడు. హారన్ కొట్టాను, ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. బ్రేకు వేస్తే బండి ఆగిపోతుందని తెలియనివాళ్లు అనుకుంటారు. ఆగదు. ఆ వేగం చల్లారడానికి చాలా దూరం పడుతుంది. బ్రేకు వేసేశాక డ్రైవర్ చేయగలిగింది చూడటం ఒక్కటే. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేనూ ఆయన్ను చూశాను. నా వయసే ఉంటుంది.

దీన్ని మేం రన్ ఓవర్ అంటాం. లోకో పైలట్ ఇంజన్ వదిలి దిగకూడదు, అసిస్టెంట్ దిగి చూసి రావాలి. శ్రీను వెళ్లి వచ్చాడు, ముఖం తెల్లబోయింది. గార్డుకు, స్టేషన్ మాస్టర్‌కు వాకీటాకీలో చెప్పాం. శవాన్ని పట్టాల పక్కకు తీయించి బండి కదిలించాం. చివరి స్టేషన్ దాకా నేనే నడిపాను. నా తప్పేమీ లేదని తేలింది, లేదు కూడా. గుండె ధైర్యం అంటే డేవిడ్‌దేనని లాబీలో అందరూ మెచ్చుకున్నారు. లాబీ అంటే మేం డ్యూటీ ఎక్కే, దిగే ఆఫీసు.

ధైర్యమా, నా బొంద! తర్వాతి ట్రిప్పులో ఆ వంపు దగ్గరికి వచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేన్లో దిష్టిబొమ్మ కనబడినా మనిషే అనిపించేది. వంపు దాటగానే ముందు స్టేషన్‌లోకి బండిని రానిచ్చే హోమ్ సిగ్నల్ వస్తుంది. శ్రీను చెయ్యి చాపి "హోమ్ సిగ్నల్ గ్రీన్" అన్నాడు. నా నోటి నుంచి "రెడ్" అని వచ్చింది. నాకు నిజంగానే ఎర్రగా కనబడింది. రూలు ప్రకారం ఆపాను. ఆగాక చూస్తే పచ్చగా వెలుగుతోంది. ఎందుకు ఆగారని గార్డు అడుగుతుంటే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఒకసారి అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మళ్లీ అయింది, ఆ తర్వాత మళ్లీ. ఇంజన్‌లో ఇద్దరిలో భయపడ్డవాడి మాటే చెల్లుతుంది గనక, నా భయమే బండిని నడిపింది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఈ రోజు గ్రీన్ నాకు రెడ్‌గా కనబడుతోంది, రేపు రెడ్ గ్రీన్‌గా కనబడితే? వెనక పెట్టెల్లో పసిపిల్లలతో తల్లులు కూర్చుని ఉంటారు. శ్రీను ఒకరోజు టీ తాగుతూ మొహం మీదనే చెప్పాడు: "అన్నా, సిగ్నల్ అంటే నాకు భయం లేదు. నీ నోట్లకెల్లి ఏమొస్తదో అని భయమైతాంది."

మా చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్ రాఘవులు సార్ ఒక ట్రిప్పు మాతోపాటు ఇంజన్‌లో వచ్చారు. డ్రైవర్ల పనితీరు చూసి చెప్పే అధికారి ఆయన. మంచి మనిషి, మాట మాత్రం కత్తి. ఇంకొక్కసారి ఇలా ఆపితే మెడికల్‌కు పంపక తప్పదని, అక్కడ అన్‌ఫిట్ అంటే ఇక జన్మలో ఇంజన్ ఎక్కేది లేదని చెప్పి దిగిపోయారు. ఇంజన్ తప్ప నాకు ఇంకో బతుకు తెలియదు.

సుగుణ పోరు పడలేక మా పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశారు. ఆ ఆదివారం ఆరాధనలో లేచి, మన డేవిడ్ సహోదరునికి భయం నుంచి విడుదల దొరికిందని ప్రకటించారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే. మర్నాడే అదే వంపు, అదే గ్రీన్. మళ్లీ రెడ్ అని పిలిచి బండి ఆపాను. రాఘవులు సార్‌కు తెలియకుండా ఉండదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చి మంచం మీద అడ్డం పడ్డాను. రోజూ ప్రార్థిస్తున్నా దేవుడు కూడా నన్ను వదిలేశాడని అన్నాను. సుగుణ ఊరుకునే మనిషి కాదు. "ఎవ్వలు అడ్డం రావద్దు, ఎవ్వలు అడ్డం రావద్దు అని దేవునితోని బేరం జేస్తున్నవ్. నాకు భయమైతాందయ్యా అని ఒక్కనాడన్న ఆయనతోని చెప్పినవా?" అంది. చెప్పలేదు. భయం ఉందని చెబితే విశ్వాసం లేనట్టని చిన్నప్పటి నుంచీ విన్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంజన్‌లో లేని రెడ్‌ను పిలుస్తున్నాను, చర్చిలో ఉన్న రెడ్‌ను గ్రీన్ అంటున్నాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. మా చర్చిలో సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పడం: రోగం నయమైంది, కొడుక్కు ఉద్యోగం వచ్చింది, దేవునికి స్తోత్రం. జరగని మేలును గురించి ఎవరూ లేచి చెప్పరు. నాకు భయం పోలేదని, పోయిందని అందరిముందూ ఆమెన్ అన్నది అబద్ధమని, ఆ మనిషి చూపు నన్ను వదలడం లేదని, రేపు డ్యూటీ ఎక్కాలంటే చచ్చేంత భయంగా ఉందని చెప్పాను. అయ్యగారి ముఖం పాలిపోయింది. నన్ను ఇక సంఘంలోంచి వెలివేస్తారనే అనుకున్నాను.

ఆడవాళ్ల వరసలోంచి వజ్రమ్మ లేచింది. దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన ముసలమ్మ. "ఏంది గిట్ల జూస్తాండ్రు? ప్రభువుకు భయం కాలేదా? రేపు సిలువ అనంగ, తోటల మోకాళ్లేసి చెమట కార్చిండు. ఈ బాధల గిన్నె నాకు వద్దు తండ్రీ అన్నడు. దోస్తులేమో గుర్రుపెట్టి నిద్రపోయిండ్రు. ఆయన దాసుకోలే బిడ్డా, తండ్రికి చెప్పుకున్నడు. నువ్వూ చెప్పుకో" అంది. నేను ఆ కథను పసితనం నుంచీ విన్నవాణ్నే. దేవుని కుమారుడు భయపడ్డాడనే సంగతి మాత్రం ఆ రోజే నా చెవికెక్కింది. అందరిముందూ ఏడ్చాను. అయ్యగారు పీఠం దిగి వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. తాను తొందరపడ్డానని, తనకూ చెప్పుకోలేని భయాలున్నాయని అన్నారు. ఆయన ఈసారి భయాన్ని పొమ్మని గద్దించలేదు. నాతోపాటు ఉండమని ప్రభువును అడిగారు. పట్టాల మీద చనిపోయిన మనిషి ఇంటివాళ్ల కోసం కూడా ప్రార్థించారు. అన్నాళ్లలో ఆ మనిషికి ఒక ఇల్లు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

మరుసటి ట్రిప్పుకు ముందు రాఘవులు సార్‌ను కలిసి ఉన్నదంతా చెప్పాను. మెడికల్‌కు పంపితే వెళ్తానన్నాను. ఆయన "నేను కూడా బండెక్కుత, పద" అన్నారు. వంపు వచ్చింది. భయం ఎప్పటిలాగే వచ్చింది. లోపల ఒక్కటే మాట: నాకు భయంగా ఉంది ప్రభువా, నీకూ అయింది కదా, పక్కనే ఉండు. శ్రీను "హోమ్ సిగ్నల్ గ్రీన్" అన్నాడు. నేను చూశాను. పచ్చగా ఉంది. భయంతోనే గ్రీన్ అని పిలిచాను. "అబ్బ!" అని శ్రీను ఊపిరి వదిలాడు. బండి ఆగకుండా స్టేషన్ దాటింది. చివరి స్టేషన్‌లో రాఘవులు సారే టీ ఇప్పించారు.

ఆ వంపు దగ్గర భయం తర్వాత కూడా చాలాకాలం వచ్చింది. వచ్చినప్పుడల్లా చెప్పుకున్నాను. దాని పక్కనే నెమ్మది కూడా వచ్చి కూర్చోవడం మొదలైంది. దాన్ని ఎవరో ఇస్తేనే వచ్చిందని నాకు తెలుసు. నా స్వభావంలో అలాంటిది లేదు, సుగుణను అడగండి.

రిటైర్మెంట్‌కు ముందు ఏడాది మళ్లీ ఒకరు అడ్డం వచ్చారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న యువకుడు. ఆపమని దేవుణ్ని అరిచి అడిగాను. ఆపలేదు. ఎందుకో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. వచ్చే స్టేషన్ దాకా బండిని మెల్లగా తెచ్చి, నా చేతులు వణుకుతున్నాయని, ఈ బండి ఇక నేను నడపలేనని, నా బదులు రిలీఫ్ డ్రైవర్‌ను పంపమని స్టేషన్ మాస్టర్‌కు చెప్పాను. అప్పటి అసిస్టెంట్ కుర్రవాడు నోరెళ్లబెట్టి చూశాడు. అంత సీనియర్ డ్రైవర్ అలా అడగడం అతనెప్పుడూ వినలేదట. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చనిపోయిన ఆ యువకుడి తల్లి కోసం ఏడుస్తూ ప్రార్థించాను. రిలీఫ్ డ్రైవర్ వచ్చి బండి తీసుకుపోయాడు. ప్రయాణికులు క్షేమంగా చేరారు.

భయపడ్డ డ్రైవర్ ప్రమాదకరం కాదు, భయం దాచిన డ్రైవర్ ప్రమాదకరం. ఇది రైల్వే నాకు నేర్పింది. దాచకుండా చెప్పుకునే చోటు క్రీస్తు దగ్గర దొరికింది. మొదటిసారి బండిని నేనే చివరిదాకా చేర్చాను, నా నెమ్మది పోయింది. రెండోసారి బండిని ఇంకొకరికి అప్పగించాను. నెమ్మది పోలేదు, ఇప్పటికీ ఉంది.